హరితకు, పాత బొమ్మ కార్లు కొనే ముందు

తిరుపతి

చిరంజీవి హరితకు పెదనాన్న ఆశీస్సులు.

అక్కడ చెన్నైలో ఎవరో పెద్దాయన తన పాత బొమ్మ కార్లన్నీ ఒకేసారి అమ్మేస్తున్నారనీ, దాచుకున్న డబ్బంతా పెట్టి నువ్వు కొనబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ ఇష్టం మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఎంత పొంగిపోయానో! కానీ అన్నీ "కొత్తవాటిలా మెరుస్తున్నాయి" అని ఆయన అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

తేలిక సంగతులు ముందు చెబుతాను. కారును తిరగేసి అడుగు భాగం చదువు, తయారీదారు పేరు అక్కడే ఉంటుంది. హాట్ వీల్స్ అడుగున ఉండే సంవత్సరం ఆ నమూనాది, నీ చేతిలోని కారు తయారైన ఏడాది కాకపోవచ్చు. మ్యాచ్‌బాక్స్‌కు వేగంగా దొర్లే సూపర్‌ఫాస్ట్ చక్రాలు 1969 నుంచి వచ్చాయి. డింకీ అనే ఇంగ్లండు బొమ్మల కంపెనీ అచ్చులు కొన్ని కలకత్తా చేరి, అక్కడ నిక్కీ పేరుతో కార్లు తయారయ్యాయి. వాటిని చిన్నచూపు చూడకు, నాకు వాటి మీదే మక్కువ. అసలు అట్టపెట్టె ఉంటే ధర వేరు. అమ్మేవాళ్లు అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడాలి.

ఇక రంగు సంగతి. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. అంతకు ముందు అక్కడి పాత సామాన్ల కుప్పలో వాడికి కోర్గీ అనే బొమ్మల కంపెనీ వాళ్ల ఆస్టన్ మార్టిన్ కారు దొరికింది. 1965లో వచ్చిన 261 నంబరు కారు, బంగారు రంగు. మీట నొక్కితే పైకప్పు తెరుచుకుని సీట్లోని మనిషి ఎగిరిపడతాడు. చాలా కార్లలో ముందు పోయేది ఆ బుల్లి మనిషే, ఇందులో భద్రంగా ఉన్నాడు. అంచుల్లో మాత్రం రంగు కాస్త లేచింది. జేమ్స్ బాండ్ సినిమాలో ఆ కారు వెండి రంగులో ఉంటుంది కదా! అన్నయ్యకు అచ్చం అలాంటిదే ఇవ్వాలని అడుగు భాగాన్ని పట్టి ఉంచే రివిట్లు తొలిచి, కారు విప్పి, బంగారు రంగంతా గీకి, వెండి రంగు పూశాడు. ఎంత ఓపికగా పూశాడో! ఎక్కడా ఒక చార లేదు.

కొన్నేళ్లకు మా ఇంటికొచ్చిన ఒక సేకర్త దాన్ని తిరగేసి, రివిట్లు చూసి, విప్పి రంగు మార్చినదని పట్టేసి, మాట్లాడకుండా పక్కన పెట్టేశాడు. కోర్గీ వెండి రంగు కారును 1968లో వేరుగా తెచ్చింది. అది 270 నంబరు, కొంచెం పెద్దది. మా చేతిలోనిది అదీ కాదు, ఇదీ కాదు. ఆ పూట మీ నాన్న అన్నం ముట్టలేదు. తరువాత ఏ కారునూ చేతిలోకి తీసుకోలేదు. నా బీరువాలో ముందు వరుసలో ఉన్నది ఆ కారే. ఎవరడిగినా ఇవ్వను.

అందుకే చెబుతున్నాను, మెరుపు చూసి మురిసిపోకు. రివిట్ల తలలు చెక్కుచెదరకుండా ఉన్నాయా? ఇరుసు చివర్లకు రంగు అంటిందా? భూతద్దం పెట్టి చూడు. అరవై ఏళ్ల కారుకు ఒక్క గీతైనా లేకపోతే దాని పెట్టె ఏదని అడుగు. నువ్వు కూడా బ్రష్షు పట్టుకోవద్దు! రంగు లేచిన కారును లేచినట్టే ఉంచు, మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీలు ఉంటే ఇంకా జాగ్రత్త. జింకు మిశ్రమంలో సీసం కలిసిపోయిన వాటికి లోహం లోపలి నుంచే పగిలి, ఉబ్బి, రాలిపోతుంది. దానికి మందు లేదు. తేమ తగిలితే మరీ త్వరగా పాడవుతుంది, మీ చెన్నై గాలి సంగతి నీకు తెలియనిదా?

డబ్బంతా ఒకేసారి పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ముందు నచ్చిన నాలుగైదు కార్లు విడిగా ఇస్తారేమో అడుగు. శనివారం సాయంత్రం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నేనూ వస్తాను. మీ నాన్ననూ బతిమాలి తీసుకొస్తాను, రంగు వేసిన కారును పట్టడంలో వాడి కన్నే కన్ను. మేము వచ్చేదాకా ఆయనకు అడ్వాన్సు ఇవ్వకు.

నీ పెదనాన్న