వేగం గురించి చెబితే డ్రైవర్లు తలూపి వెళ్లిపోతున్నారా? ఇలా చేసి చూడండి

ట్రాఫిక్ పోలీసుగా మీరు చెప్పే సమయంలోనే పొరపాటు ఉంది. జరిమానా రాస్తూ ప్రమాదాల గురించి చెబితే, ఎదుటివారి ధ్యాసంతా ఆ కలం మీదే ఉంటుంది. "పరిమితి కంటే పది కిలోమీటర్లే కదా ఎక్కువ" అన్న వాదన వాళ్ల మనసులో చెక్కుచెదరదు.

1. బండి పక్కకు తీయించగానే పరిమితి ఎంతో, ఎంత వేగంతో వచ్చారో చెప్పండి. అంతే.

2. రాసే పని ముగించి, కాగితాలు తిరిగి ఇచ్చేయండి. అప్పుడు మాట్లాడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఉపన్యాసం మాని, ఒక్క ప్రశ్న అడగండి. "గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు బ్రేకు వేసి ఆగిపోయిన చోట, అరవైలో వచ్చిన కారు వేగం ఎంత ఉంటుంది?"

పది అనే జవాబు వస్తుంది. నిజానికి గంటకు దాదాపు 40 కిలోమీటర్లు.

లెక్క చూడండి. పొడి రోడ్డు, తేరుకోవడానికి ఒక సెకను. యాభైలో కాలు బ్రేకు మీద పడేలోపే 14 మీటర్లు పోతాయి, ఆగడానికి ఇంకో 14. అరవైలో ఆ సెకనుకే 17 మీటర్లు హరించుకుపోతాయి. మిగిలిన 11 మీటర్లలో బండి ఆగదు.

మీరు నిలబడే చోటి నుంచి 28 మీటర్లు ముందే కొలిచి పెట్టుకోండి. అక్కడున్న స్తంభాన్నో చెట్టునో చూపించి, "అక్కడ పిల్లవాడు ఉన్నాడనుకోండి" అనండి.

4. తర్వాత మౌనంగా ఉండండి (కష్టమే, తెలుసు). "నా బ్రేకులు మంచివి" అన్నా వాదించకుండా పంపేయండి.