వేదిక దిగాక, పిల్లలకు నేర్పడం శిక్షలా ఉంది

ప్రశ్న: నా వయసు 33. నాన్నగారి ఉద్యోగం వల్ల చిన్నప్పుడు ముంబైలో ఉన్నాం. ఏడో ఏట అక్కడే బ్యాలే (పాశ్చాత్య శాస్త్రీయ నృత్యం) మొదలుపెట్టాను. తర్వాత విదేశంలో ఒక బృందంలో తొమ్మిదేళ్లు ఆడాను. కుడి చీలమండ వెనక అదనపు ఎముక నొక్కుకుని నొప్పి ముదిరితే రెండేళ్ల కిందట ఆపరేషన్ చేశారు. మునివేళ్ల మీద ఆడటం ఇక కుదరదన్నారు. విశాఖ వచ్చేసి, ఎంవీపీ కాలనీలో మా మూడో అంతస్తు హాల్లోనే 11 మందికి నేర్పుతున్నాను. నెలకు తలా 2,000. పిల్లలంటే ఇష్టమే, కానీ క్లాసులో ఊరికే విసుక్కుంటున్నాను. మొన్న ఎనిమిదేళ్ల పాప ఏడ్చింది. వాళ్లు వెళ్లాక నేనూ ఏడ్చాను. తొమ్మిదేళ్ల ఇంకో పాపకి పాయింట్ బూట్లు (మునివేళ్ల మీద ఆడేందుకు వేసుకునేవి) ఎప్పుడిస్తారని వాళ్లమ్మ వారం వారం అడుగుతున్నారు, ఇవ్వకపోతే మానిపిస్తానంటున్నారు. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులో 8 లక్షలు తీసి స్టూడియో పెట్టుకోమంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య అది దండగ, బీఈడీ చేసి స్కూల్లో చేరమంటున్నాడు. దీని మీద వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఏం చేయను?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు చిక్కులున్నాయి గానీ ముందు విప్పాల్సిన ముడి ఒకటే. మీరు ఒకే గంటలో రెండు పనులు చేస్తున్నారు. పిల్లలకు పాఠం చెబుతున్నారు, ఆ గంటలోనే పోయిన మీ ఆటను తలచుకుని బాధపడుతున్నారు. ఎనిమిదేళ్ల పాప మోకాలు వంగిపోతే అది ఎనిమిదేళ్ల పిల్ల మోకాలు. మీ కంటికి మాత్రం, ఇక చాపే వీల్లేని మీ కాలు కనబడుతోంది. విసుగు అక్కడ పుడుతోంది. అది మీ గుణం కాదు.

ఇరవై నాలుగేళ్లు పొద్దున లేస్తూనే సాధనకు బార్ (ఆసరా కడ్డీ) పట్టుకున్న మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే మనసు కుదుటపడటానికి రెండేళ్లు ఎక్కువ కాలమేమీ కాదు. ఆ బాధను మింగేయమని చెప్పను. దానికి వేరే వేళ ఇవ్వండి. వారంలో మూడు రోజులు, పిల్లలు రాని సమయంలో, 40 నిమిషాలు మీ కోసం సాధన చేయండి. నిలబడి కాదు, నేల మీద పడుకుని చేసే బార్ వ్యాయామాలు. తుంటి నుంచి కాలు తిప్పడం, చాపడం, ఎత్తడం అన్నీ అందులో ఉంటాయి, చీలమండ మీద బరువు పడదు. ఎంతవరకు పాదం చాపవచ్చో మీ ఫిజియోథెరపిస్టుని అడిగి, ఆ హద్దులో ఉండండి. చేసిన మర్నాడు పొద్దున కూడా మడమ వెనక వాపు, బిగుతు తగ్గకపోతే ఎక్కువ చేశారని లెక్క. ఏడుపొస్తే అక్కడ ఏడవండి. పిల్లల గంట మొదలయ్యేసరికి ఆ తలుపు వేసి రాగలుగుతారు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు తెరవాలో మీకు తెలుసు.

ఇక పాప సంగతి. వచ్చే క్లాసులో అందరూ వరసలో నిలబడక ముందే, మీరు కిందికి వంగి, తన కళ్లలోకి చూసి చెప్పండి: "మొన్న నేను గట్టిగా అరిచాను. తప్పు నాదే. నీ కాలికేం కాలేదు, నువ్వు బాగానే చేస్తున్నావు." అంతే. సంజాయిషీ పొడిగించకండి. వాళ్లమ్మకు కూడా ఇదే మాట మీ నోటితోనే చెప్పండి, పాప ద్వారా తెలియనివ్వకండి.

ఇప్పుడు నేర్పే పని. ఆట వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన పని. ఈ మాట మీకు భారంగా కాక ఊరటగా తోచాలని నా కోరిక. రష్యా బ్యాలే నర్తకి అగ్రిప్పీనా వాగనోవాకు ప్రధాన నర్తకి హోదా దక్కింది వేదిక దిగడానికి కాస్త ముందే. 1916లో దిగారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పాఠాన్నే శోధించి, 1934లో బోధనా పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. ఈరోజు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బ్యాలే పాఠశాల ఆమె పేరుతోనే ఉంది. మనవాళ్లలో వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. నాట్యం తెలిసినవాళ్లకు ఆయన పేరు వినగానే ఆయన ఆటతో పాటు శిష్యులు కూడా గుర్తొస్తారు. గురువు అన్నది మన దగ్గర కింది మెట్టు ఎప్పుడూ కాదు.

మీ విసుగులో సగం క్లాసు అమరిక సరిచేస్తే పోతుంది. 11 మందిలో ఏడేళ్ల లోపు వాళ్లూ పై వాళ్లూ కలిసి ఉంటే విడదీయండి. చిన్నవాళ్లకు 45 నిమిషాలు చాలు, అందులో బార్ దగ్గర చేసేది పది నిమిషాలు దాటకూడదు. ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లు గంట నిలుస్తారు. ఒక వ్యాయామంలో ఒక్కో పిల్లకు ఒకే దిద్దుబాటు చెప్పండి. మోకాలు, భుజం, వేళ్లు, తల ఒకేసారి చెబితే ఏదీ నిలవదు, మీ గొంతు మాత్రం పెరుగుతుంది.

దిద్దుబాటు ఎలా ఉండాలంటే, టాండ్యూ (పాదాన్ని నేల మీద జార్చి చాపే వ్యాయామం) తీసుకోండి. పాదం ముందుకు జారేటప్పుడు మొదట మడమ లేవాలి, తర్వాత పాదం మధ్య, చివరికి వేళ్ల కొసలు మాత్రమే నేలకు తగలాలి. పిల్లలు వేళ్లు లోపలికి ముడుస్తారు. చీలమండ దగ్గర చాచాల్సింది వేళ్లతో చేయబోతారు కాబట్టి అలా అవుతుంది. "వేళ్లు ముడవకు" అంటే ఇంకా బిగుస్తాయి. "పాదంతో గుడ్డ పెట్టి నేల తుడువు" అనండి, కుదురుతుంది. టర్నౌట్‌లో (కాళ్లను పక్కలకు తిప్పి ఉంచడంలో) ఇంకో పొరపాటు: పాదాలు రెండూ ఒకే గీతలోకి తెచ్చి చూపించాలని పాదాన్ని మెలితిప్పుతారు. అప్పుడు పాదం లోపలి వంపు కూలి, మోకాలు ముందుకే ఉండిపోతుంది. తిరగాల్సింది తుంటి. ప్లియెలో (మోకాళ్లు వంచి దిగి లేచే కదలికలో) మోకాలు పాదం రెండో వేలి మీదుగా వంగుతోందా చూడండి. వంగకపోతే, వంగేంత వరకు రెండు పాదాల మధ్య కోణం తగ్గించండి. చిన్నపిల్లలకు రెండు పాదాల మధ్య 90 డిగ్రీలు వచ్చినా సంతోషించాలి.

విశాఖలో మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరైనా కూచిపూడి గానీ భరతనాట్యం గానీ నేర్చుకుంటూ ఉంటారు. వాళ్లు ప్లియె అనగానే అరమండిలో కూర్చుని ఆగిపోతారు, నేలను అరికాలితో తట్టి దిగుతారు. అది తప్పు కాదు, వేరే విద్య. ప్లియె ఆగకుండా దిగి ఆగకుండా లేచేది. గెంతాక ముందు వేళ్లు, తర్వాత పాదం ముందు భాగం, ఆపైన మడమ, చప్పుడు లేకుండా దిగాలి. "అక్కడ చప్పుడు కావాలి, ఇక్కడ చప్పుడు వద్దు" అని చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. వాళ్ల నాట్యగురువుని మాత్రం ఒక్క మాట తక్కువ చేసి అనకండి.

మీరు ప్రతిదీ పూర్తిగా చేసి చూపించడం మానండి. వేడెక్కని ఒంటితో, చూపించడానికని ఠక్కున కాలు ఎత్తడం, అదీ ఎప్పుడూ ఒకే పక్కన ఎత్తడం నాట్యం నేర్పేవాళ్ల నడుమునీ తుంటినీ దెబ్బతీస్తుంది. క్లాసుకు ముందు 15 నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోండి. ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ చూపండి. గెంతులు చేతులతో చూపండి, లెక్క నోటితో పట్టండి, మిగతాది చక్కగా చేసే పిల్లతో చేయించండి. అద్దంలో మీ కాలిని మీరు చూసుకునే అవసరం కూడా తగ్గుతుంది.

పాయింట్ బూట్ల విషయంలో మెత్తబడకండి. ఒంటి బరువంతా రెండు మూడు వేళ్ల కొసల మీద పడుతుంది. తొమ్మిదేళ్లకు పాదం ఎముకల్లో ఎదుగుదల పొరలు ఇంకా మృదువుగానే ఉంటాయి, వాటికంటే ముఖ్యంగా నడుము, తుంటి, చీలమండ కండరాలకు ఆ బరువును పట్టి నిలిపే సత్తా ఉండదు. నృత్య వైద్యంలో పనిచేసే అంతర్జాతీయ సంఘం చెప్పేది 12 ఏళ్ల లోపు వద్దనే. ఎనిమిదేళ్లకో ఆ తర్వాతో మొదలుపెట్టి, వారానికి రెండు క్లాసులు చేస్తున్న పిల్లకు నాలుగో ఏడాది శిక్షణలో చూడమంటుంది. వారానికి ఒకే క్లాసు చేసే పిల్లకు అసలు వద్దు. వయసు వచ్చినా పరీక్షించాలి: పాదం చాపితే పాదం పైభాగం మోకాలి కింది ముందు ఎముకతో ఒకే గీతలోకి రావాలి. ఒంటికాలి మీద 16 గెంతులు గెంతితే సగమైనా నడుము కదలకుండా, మోకాలు లోపలికి పడకుండా రావాలి.

ఆ తల్లికి ఇదంతా ఒకేసారి అప్పజెప్పకండి. "మీ పాపకి పాయింట్ ఇవ్వనని కాదండీ, ఎప్పుడిస్తానో రాసిస్తాను" అని మొదలుపెట్టి, ఒక కాగితం మీద ఈ షరతులు తెలుగులో రాసి ఇవ్వండి. ఆరు నెలలకోసారి పాపని ఆ కాగితం ప్రకారం చూసి ఎంతవరకు వచ్చిందో చెప్పండి. ఆమెకు కావాల్సింది చాలావరకు బూట్లు కాదు, పిల్ల ముందుకు వెళ్తోందన్న గుర్తు. ఇంకో మాట కూడా చెప్పండి: ఆన్‌లైన్‌లో కొనొద్దని, పెరుగుతుందిలే అని ఒక సైజు పెద్దది అసలే వద్దని. వదులైన పాయింట్ బూటులో పాదం కిందికి జారి వేళ్లు నలుగుతాయి. పైగా ఆ బూటు ముందు భాగం గుడ్డ, కాగితం, జిగురు పొరలతో చేసేది. మన సముద్రపు తేమకి చెమట తోడైతే త్వరగా మెత్తబడి ఆసరా పోతుంది. మీ పెద్ద పిల్లలకు ఎప్పుడైనా ఇచ్చినప్పుడు, ప్లాస్టిక్ సంచిలో కాక గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టమనండి. ఇంత చెప్పినా ఆమె మానిపిస్తే మానిపించనివ్వండి. నెలకు 2,000 పోతుంది, ఒక పిల్ల పాదం మీ చేతుల్లో పాడవదు.

డబ్బు సంగతికి వద్దాం. 8 లక్షలు ఇప్పుడు తీసుకోకండి. నెలకు 22,000 వస్తోంది. అందులో మీ జీతం ఎంత, ఖర్చెంత అని మీరు రాయలేదు, బహుశా లెక్క కట్టి ఉండరు. అన్నయ్య భయానికి సగం కారణం అదే. నాన్నగారి వయసులో ఆ డబ్బు మళ్లీ సంపాదించేది కాదు, ఆ మాట అన్నందుకు అతన్ని శత్రువుగా చూడకండి. బీఈడీ దగ్గర మాత్రం అతని లెక్క తప్పు. అది బ్యాలే నేర్పడం నేర్పదు. మీకు కావాల్సిన చదువు వేరే ఉంది. లండన్‌లో 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ లాంటి సంస్థలు బోధనలో శిక్షణ ఇస్తాయి, వృత్తి నర్తకులుగా చేసినవాళ్ల కోసం ప్రత్యేకంగా కూడా. ఆ సంస్థ గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని పంపాలంటే టీచరు వాళ్ల దగ్గర నమోదై ఉండాలి. అర్హత, ఫీజు ముందుగా వాళ్లకే రాసి కనుక్కోండి. నాన్నగారి సాయం ఏమైనా తీసుకుంటే మొదట దానికి తీసుకోండి.

స్టూడియో తర్వాత. కానీ మీ హాల్లో గెంతులు ఈరోజే ఆపండి. కాంక్రీటు మీద టైల్స్ అదురును తీసుకోవు, అదంతా పిల్లల మోకాళ్ల కింది ఎముకల్లోకి వెళ్తుంది. కింది అంతస్తు వాళ్లతో గొడవ కూడా ఎంతో దూరంలో ఉండదు. సిరిపురం, సీతమ్మధార వైపు గంటల లెక్కన ఇచ్చే యోగా, డాన్సు హాళ్లు వెతకండి, కింద బోలు ఉన్న చెక్క నేల అయితేనే ఒప్పుకోండి. సొంతంగా వేయించుకునే రోజు వస్తే 20 అడుగులకు 24 అడుగుల గది పది మందికి సరిపోతుంది. కింద అడుగుకొకటి చొప్పున ఫోమ్ దిమ్మలు, వాటి మీద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై రెండు వరసలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. 8 అడుగులకు 4 అడుగుల షీట్లు వరసకు 15, మొత్తం 30. గోడల చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదలాలి, లేకపోతే వానాకాలంలో ప్లై ఉబ్బి మధ్యలో లేస్తుంది. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. పైన డాన్సు వినైల్ (నాట్యానికని చేసే ప్లాస్టిక్ పరుపు) పరచాలి. ఇదంతా విప్పి తీసుకెళ్లగలిగేలా చేయిస్తే అద్దె ఇల్లు మారినా మీ పెట్టుబడి మీతో వస్తుంది.

ఫీజు నెలకు కాక 12 వారాల విడతగా తీసుకోండి. దసరాకి, సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు పోతారు, మార్చిలో పరీక్షలు, అక్టోబరు నవంబరుల్లో తుపాన్లు. ప్రతి విడతలో రెండు రోజులు, పోయిన క్లాసులకు బదులు చెప్పడానికని ముందే ఖాళీ ఉంచి తల్లిదండ్రులకు చెప్పేయండి.

ఇంకొకటి దాచకుండా అడుగుతాను. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బతుకు మీదే విరక్తి లాంటివి రెండు వారాలు దాటి ఉంటే మీ సాధనతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ క్షణమే ఫోన్ చేయండి, ఇంట్లో అమ్మకో నాన్నగారికో చెప్పండి.

నాన్నగారితో ఈ వారమే మాట్లాడండి, అన్నయ్య ప్రస్తావన తేకుండా. "నాన్నా, మీరు ఇస్తానన్నదే నాకు కొండంత ధైర్యం. ఏడాది ఆగి, లెక్క చూపించి అప్పుడు అడుగుతాను" అనండి. ఈరోజు నుంచే ఒక పుస్తకంలో వచ్చినదీ పోయినదీ రాయండి. రెండు విడతలు వరసగా 25 మంది నిలిస్తే నేల సంగతి ఆలోచించవచ్చు. తీసుకునేది ఎంతైనా అప్పుగా రాసుకుని, నెలకింతని తిరిగి ఇవ్వండి. అన్నయ్య పండక్కి వచ్చినప్పుడు వాదన పెట్టుకోకుండా ఆ పుస్తకం అతని చేతికే ఇచ్చి, తప్పులుంటే దిద్దమని అడగండి.