ఇనుము జాడ పట్టుకో

చిరంజీవికి ఆశీస్సులు.

రాతి ఉల్కాశిల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీలోనే "అంతరిక్ష అతిథి", "విశ్వ రహస్యం" అంటూ మొదలుపెట్టావు. వాటిని కొట్టెయ్. ముందు పాఠకుడికి రాయి కనబడాలి.

తిరుపతివాడివి కాబట్టి నీకొక వెసులుబాటు ఉంది. తిరుమల శిలాతోరణం మీ పాఠకులంతా చూసిందే. అది క్వార్ట్‌జైట్. నీళ్లు అరగదీసి, జల్లించి, ఒకచోట పేర్చిన ఇసుక గట్టిపడగా ఏర్పడిన రాయి. అందులో దాదాపు అంతా క్వార్ట్జే, అంటే ఇసుకలో ఉండే గట్టి ఖనిజమే. భూమ్మీద పడే ఉల్కాశిలల్లో అత్యధికం సాధారణ కాండ్రైట్లు, అంటే లోపల చిన్న గుండ్రని గింజలున్న రాళ్లు. వాటిలో క్వార్ట్జ్ కనబడడమే అరుదు. ఉన్నవి ప్రధానంగా ఒలివిన్, పైరాక్సిన్ అనే ఖనిజాలు. ఆ రాయి ఏ జల్లెడలోనూ పడలేదు, పూర్తిగా కరిగి పొరలుగా విడిపోనూ లేదు. ఈ తేడా చెబితే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

కోసి నునుపు చేసిన ముక్కను దగ్గరగా చూపించు. అంచున మిల్లీమీటరు మందమైనా ఉండని నల్లని పొర, లోపల బూడిద రంగు. అందులో కాండ్రూల్స్ అనే ఆ గుండ్రని గింజలు, చాలావరకు ఆవగింజ కంటే చిన్నవి. 450 కోట్ల ఏళ్లకు పూర్వం ధూళి కరిగి, బొట్లుగా మారి, చప్పున గడ్డకట్టగా ఏర్పడ్డాయవి. మధ్యమధ్య తెల్లగా మెరిసేది ఇనుము, నికెల్ కలిసిన లోహం. కంచు రంగులో ఉన్నది ట్రాయిలైట్, అంటే గంధకంతో కలిసిన ఇనుము.

అసలు కథ ఇనుముదే, నువ్వు దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. ఇనుము ఎక్కువుండే హెచ్ వర్గం కాండ్రైట్ బరువులో ఇనుము సుమారు 27 శాతం, అందులో సగానికి పైగా లోహంగానే ఉంటుంది. ఇనుము తక్కువుండే ఎల్ఎల్ వర్గంలో మొత్తం ఇనుము 20 శాతం దాకా ఉన్నా, లోహంగా మిగిలింది చాలా కొద్ది. మిగతాది ఎక్కడికి పోయింది? చాలా భాగం ఆక్సిజన్‌తో కలిసి ఒలివిన్, పైరాక్సిన్‌లలో చేరింది. ఆ రాయి పుట్టినచోట ఆక్సిజన్ ప్రభావం ఎంతో చెప్పే లెక్క ఇది. పాఠకుణ్ణి ఈ ప్రశ్న దగ్గర కాసేపు నిలబెట్టు, జవాబు వెంటనే ఇచ్చెయ్యకు.

అయస్కాంతానికి అంటుకుంటే ఉల్కాశిలే అని రాశావు, అది తప్పు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న మామూలు రాయీ అంటుకుంటుంది. లోహంలో నికెల్ ఉందా అని చూడాలి. 1798లో కాశీ దగ్గర పడిన రాళ్లను లండన్‌లో ఎడ్వర్డ్ హోవార్డ్ అనే రసాయన శాస్త్రవేత్త రసాయనికంగా పరీక్షించి, వాటి లోహంలో నికెల్ ఉందని 1802లో ప్రకటించాడు. రాళ్లు ఆకాశం నుంచి పడతాయంటే నమ్మని పండితులను మెత్తబరిచిన ఆధారాల్లో అదొకటి. మన దేశపు రాయి! దాన్నెలా వదిలేశావో నాకర్థం కాలేదు.

హోవార్డ్ ప్రసక్తిని మూడో పేరాలోకి తెచ్చి, ఇనుము లెక్కను దాని వెనకే పెట్టు. ఫొటో పక్కన కొలబద్ద వెయ్. తిరగరాసింది పంపు, ఎదురుచూస్తుంటాను.