టెక్సాస్ ముద్ర ఇల్లినాయ్‌లో చెల్లుతుందా?

ప్రశ్న: నేను హ్యూస్టన్‌లో ఒక కన్సల్టెన్సీలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. 2011లో గోదావరి జిల్లాలోని ఒక అనుబంధ కళాశాలలో సివిల్ బి.టెక్., తరువాత రెండేళ్లు హైదరాబాదులో ఉద్యోగం, 2015లో ఇక్కడ ఎం.ఎస్. పూర్తిచేశాను. ఎఫ్‌ఈ (ఇంజనీరింగు మౌలికాంశాల), పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీరు) సివిల్ పరీక్షలు ప్యాసై టెక్సాస్ లైసెన్సు తీసుకున్నాను. హెచ్‌1బీ వీసాలో ఉన్నాను. కంపెనీ ఇప్పుడు కాలిఫోర్నియా, ఇల్లినాయ్, మరో రాష్ట్రంలో లైసెన్సులు తెచ్చుకోమంటోంది. ఆ మూడో రాష్ట్రం బోర్డు నా బి.టెక్.ను మూల్యాంకనం చేయించమని, హైదరాబాదు అనుభవానికి లైసెన్సున్న ఇంజనీరు సంతకం తెమ్మని ఎనిమిది నెలలుగా తిప్పుతోంది. అప్పటి మా మేనేజరు చనిపోయారు. ఇది విదేశీ డిగ్రీ మీద వివక్ష కాదా? కోర్టుకు వెళ్లవచ్చా? ఈలోగా గత నెల ఇల్లినాయ్‌లోని ఒక క్లయింటుకు నా పేరు పక్కన పీఈ అని పెట్టి ప్రపోజల్ పంపాం. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: చివరి ప్రశ్నను ముందు తీసుకుంటాను, ఎందుకంటే మిగతావి ఆలస్యం చేసే విషయాలు, ఇది ఉన్న లైసెన్సుకే ఎసరు పెట్టగల విషయం. ఇల్లినాయ్‌తో సహా చాలా రాష్ట్రాల చట్టాలు లైసెన్సు లేకుండా ఇంజనీరింగ్ పని చేయడాన్ని మాత్రమే కాక, చేస్తామని ముందుకు రావడాన్ని కూడా నిషేధిస్తాయి. డ్రాయింగు మీద లైసెన్సు ముద్ర పడలేదు, పైసా చేతులు మారలేదు అన్న సమాధానం అందువల్ల పూర్తి రక్షణ కాదు. పైగా ఇల్లినాయ్‌లో కంపెనీ కూడా డిజైన్ సంస్థగా విడిగా నమోదై ఉండాలి కనుక, మీ ప్రపోజల్లో వ్యక్తికీ సంస్థకూ చెరొక లోపం ఉండవచ్చు. ఆ ఈమెయిల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ చెరిపివేయకండి. ప్రపోజల్‌ను ఉపసంహరించుకుంటున్నామని క్లయింటుకు కంపెనీ తరఫున లిఖితపూర్వకంగా తెలియజేయించి, అక్కడి లైసెన్సున్న ఇంజనీరు దొరికి, సంస్థ నమోదు కూడా సరిగా ఉన్నప్పుడు ఆయన బాధ్యతలోనే కొత్తది పంపించండి. ఇకమీదట రాష్ట్రం దాటి వెళ్లే ప్రతి ఉత్తరం మీద మీ పేరు కింద ‘పీఈ, టెక్సాస్’ అని రాష్ట్రం పేరుతో సహా రాయడం అలవాటు చేసుకోండి. రేపు ఏ రాష్ట్రపు దరఖాస్తులోనైనా లైసెన్సు లేకుండా సేవలు అందించారా, అందిస్తామన్నారా అన్న ప్రశ్న ఎదురైతే, సమాధానం రాసేముందు ఆ రాష్ట్రపు న్యాయవాదికి ఈ కాగితాలన్నీ చూపించండి. ఒకచోట తీసుకున్న క్రమశిక్షణ చర్యను ఆధారం చేసుకొని మరోచోట బోర్డు కూడా చర్య తీసుకోగలదు. ఇటువంటి వ్యవహారాల్లో అసలు తప్పుకన్నా, దాన్ని దాచి దరఖాస్తు మీద చేసిన సంతకమే ఎక్కువమందిని ముంచింది.

డ్రైవింగ్ లైసెన్సు అన్ని రాష్ట్రాల్లో చెల్లుతున్నప్పుడు ఇది ఎందుకు చెల్లదన్నది మీ ఉత్తరమంతటా వినిపిస్తున్న బాధ. మన దేశంలో ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో నమోదైన న్యాయవాది గువాహటి హైకోర్టులోనూ వాదించవచ్చు. అమెరికాలో ఆ సౌకర్యం ఇంజనీరుకూ లేదు, ఈ జవాబు రాస్తున్న న్యాయవాదినైన నాకూ లేదు. ప్రజల ప్రాణరక్షణకు సంబంధించిన వృత్తులను నియంత్రించే అధికారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలదే, పైగా ఆ అధికారాన్ని ఒక్కొక్క రాష్ట్రం తన సొంత అనుభవంతో వాడుకుంది. నీటి హక్కుల కోసం అర్హత లేనివారు గీసిన పటాలతో విసిగి 1907లో వయోమింగ్ మొదటి చట్టం చేసింది. 1928లో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యాం తెగి వందలమంది కొట్టుకుపోయాక, మరుసటి ఏడాది కాలిఫోర్నియా సివిల్ ఇంజనీర్ల నమోదు మొదలుపెట్టింది. మీ టెక్సాస్ చట్టం 1937 నాటిది. ఆ ఏడాది మార్చిలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో గ్యాస్ పేలి సుమారు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయాక వచ్చింది. ఇలా పుట్టిన చట్టాలను రాష్ట్రాలు ఒకరి మాట మీద మరొకరు సడలించుకుంటాయని ఆశించలేము. నర్సులకు ఉన్నటువంటి అంతర్రాష్ట్ర ఒప్పందం ఇంజనీర్లకు లేదు. 2019లో అరిజోనా తెచ్చిన సార్వత్రిక గుర్తింపు చట్టం (ఇతర రాష్ట్రాల లైసెన్సులను గుర్తించేది) గురించి ఎవరైనా మీకు చెప్పి ఉంటే, అది అక్కడ నివాసం ఏర్పరచుకున్నవారి కోసం ఉద్దేశించినది. హ్యూస్టన్‌లో కూర్చుని అక్కడి ఫీనిక్స్ నగరపు డ్రాయింగులకు ముద్ర వేయాలనుకునేవారికి ఆ దారి తెరవదు.

ఇక వివక్ష సంగతి. ఇక్కడ పౌరసత్వం వేరు, డిగ్రీ వేరు. అమెరికా పౌరుడు కాదన్న కారణంతో లైసెన్సు నిరాకరిస్తే మీకు గట్టి ఆధారం ఉంది. అమెరికా పాలనలోని ప్యూర్టో రికోలో సివిల్ ఇంజనీరుగా ప్రైవేటు ప్రాక్టీసుకు పౌరసత్వం కావాలన్న నిబంధనను 1976లో ఫ్లోరెస్ డి ఒతేరో కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2012లో ‘దండమూడి వర్సెస్ టిష్’ కేసులో రెండవ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, పౌరులకూ గ్రీన్‌కార్డుదారులకూ మాత్రమే ఫార్మసిస్టు లైసెన్సు ఇస్తామన్న న్యూయార్క్ నిబంధన చెల్లదని తీర్పు ఇచ్చింది. కేసు వేసినవారు మీలాగే పని వీసాల్లో ఉన్నవారు. అయితే మీ బోర్డు అడుగుతున్నది మీ పాస్‌పోర్టు కాదు, మీ చదువు లెక్క. వృత్తికి సంబంధం ఉన్న అర్హతలు విధించే అధికారం రాష్ట్రాలకు ఉందని 1889లోనే డెంట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక కోర్టు ఖర్చు పెట్టుకోవద్దనే నా సలహా. ఎనిమిది నెలల జాప్యం మీద మాత్రం, దరఖాస్తులో ఇంకా ఏ పత్రం లోపించిందో లిఖితపూర్వకంగా తెలపమని, లోపం లేకపోతే నిర్ణయం చెప్పమని బోర్డుకు రాయవచ్చు. చాలా ఫైళ్లు ఆ ఒక్క ఉత్తరంతోనే కదులుతాయి.

మీ ఎం.ఎస్.ను చూసి టెక్సాస్ సరిపెట్టుకున్నా ఆ మూడో రాష్ట్రం బి.టెక్. దగ్గరే ఆగడానికి కారణం ఉంది. ఇక్కడ ఇంజనీరింగు కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ అబెట్, ఆ గుర్తింపు ప్రధానంగా బ్యాచిలర్స్ కోర్సులకు ఇస్తారు. భారతదేశంలో అటువంటి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, దేశాలు ఒకరి ఇంజనీరింగు కోర్సులను మరొకరు గుర్తించే వాషింగ్టన్ అకార్డులో పూర్తి సభ్యత్వం పొందింది 2014 జూన్‌లో, అదీ టైర్-1 (మొదటి అంచె) గుర్తింపు ఉన్న కోర్సులకే కాబట్టి, 2011 నాటి మీ డిగ్రీకి ఆ గొడుగు అందదు. రాష్ట్రాల లైసెన్సు బోర్డుల జాతీయ మండలి అయిన ఎన్‌సీఈఈఎస్ మూల్యాంకనంలో గణితం, మౌలిక శాస్త్రాలకు 32 క్రెడిట్లు, ఇంజనీరింగు విషయాలకు 48 క్రెడిట్లు లెక్క చూస్తారు. ట్రాన్స్‌క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా వెళ్లాలి. మీ దగ్గరున్న సీఎంఎం (మొత్తం మార్కుల పత్రం), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) జిరాక్సులు ఎన్ని పంపినా పనికిరావు. ఊళ్లో ఉన్న తమ్ముడినో బావమరిదినో పరీక్షల విభాగానికి పంపేటప్పుడు, దరఖాస్తు రసీదు నంబరు, కవరు అతుకు మీద ముద్ర పడిన ఫోటో తీసి పంపమని చెప్పండి. తరువాత కవరు అందలేదన్న మాట వస్తే ఆ ఫోటోయే మీ సాక్ష్యం.

కాలిఫోర్నియా సంగతి వేరు. అక్కడ చదువును అనుభవపు ఏళ్లుగా లెక్కిస్తారు. మొత్తం ఆరేళ్లు కావాలి, అబెట్ డిగ్రీకి నాలుగేళ్లు, ఆ గుర్తింపు లేని బ్యాచిలర్స్‌కు రెండేళ్లు కలుపుతారు. మీ పనికాలంతో అది సమకూరుతుంది. కానీ సివిల్ ఇంజనీరు ఏ రాష్ట్రం నుంచి వచ్చినా అక్కడి భూకంప సూత్రాల పరీక్ష, సర్వేయింగ్ పరీక్ష రాయవలసిందే కనుక, వాటికి చదవడం మొదలుపెట్టడమే త్వరగా తేలే మార్గం. ఇల్లినాయ్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరు లైసెన్సు పీఈ నుంచి పూర్తిగా విడివడినది, 1915 నుంచీ ఉంది. అక్కడి భవనాల స్ట్రక్చరల్ పనికి మీరు ప్యాసైన పీఈ సివిల్ సరిపోదు, ఎస్‌ఈ (స్ట్రక్చరల్ ఇంజనీరు) పరీక్ష కావాలి. కంపెనీ నిర్వాహకులకు ఈ తేడా తెలియక లైసెన్సు తెచ్చుకోమని ఉంటారు. ఆ మాట వారికి ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పడం మీకు క్షేమం.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పీఈ వచ్చిందని తెలిసిన దగ్గరనుంచి, ఎవరో గీయించిన రెస్టారెంటు ప్లానో గుడి మండపమో తెచ్చి, మనవాడివే కదా, ఒక్క ముద్ర వేసిపెట్టు అని అడిగేవారు తయారవుతారు. మీ ప్రత్యక్ష పర్యవేక్షణలో తయారుకాని డ్రాయింగుకు ముద్ర వేయడం టెక్సాస్‌లో కూడా నిషిద్ధమే. దానికి డబ్బు తీసుకుంటే హెచ్‌1బీకి కూడా భంగం, ఎందుకంటే ఆ వీసా మిమ్మల్ని స్పాన్సరు చేసిన సంస్థ పనికే పరిమితం.

హైదరాబాదు రెండేళ్ల సంతకం గురించి ముందు ఒక లెక్క వేసుకోండి. ఎం.ఎస్. తరువాత ఇక్కడ పీఈల కింద చేసిన పని ఆ రాష్ట్రం అడిగే నాలుగేళ్లకు సరిపోతే, ఆ రెండేళ్లను అర్హత అనుభవంగా చూపమని పట్టుబట్టకండి. ఉద్యోగ చరిత్రలో మాత్రం దాచకుండా నమోదు చేయండి. ఎన్‌సీఈఈఎస్ రికార్డుకు (బోర్డులకు పంపే అర్హతల ఫైలుకు) కావలసిన ఐదుగురు సిఫారసుదారుల్లో ముగ్గురు పీఈలు ఉండాలి, వారు హ్యూస్టన్‌లోనే మీకు దొరుకుతారు. ఆ రెండేళ్లు తప్పనిసరి అయితే, భారతదేశంలో అమెరికా తరహా రాష్ట్ర లైసెన్సు విధానం లేదని వివరిస్తూ ఒక ఉత్తరం రాసి, ఆ కంపెనీలో ఇప్పుడున్న బాధ్యుడి నుంచి ధ్రువపత్రం, నాటి నియామక, రిలీవింగ్ ఉత్తరాలు, మేనేజరు మరణ ధ్రువపత్రం నకలు జతచేయండి. అప్పటి మీ సహోద్యోగుల్లో ఎవరైనా తరువాత అమెరికా వచ్చి పీఈ తీసుకున్నారేమో వెతకండి. మీ పక్క సీటులో కూర్చుని అదే బీమ్ లెక్కలు చూసినవాడు ఇప్పుడు డాలస్‌లో ఉంటే, బోర్డు ముందు ఆయన మాటకు ఆ ధ్రువపత్రాలన్నిటికన్నా ఎక్కువ బరువు ఉంటుంది.