ముందు ‘దేని మీద’ అని అడుగు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానకుండానే సొంతంగా డిజైన్ పని మొదలుపెట్టావని, మొదటి డబ్బు చేతికి అందిందని రాశావు. చాలా సంతోషం. ఆ వెంటనే ‘ఇప్పుడు నాకు పన్ను ఎంత పడుతుంది?’ అని అడిగావు. అందరూ మొదట అడిగేది అదే. కానీ ‘ఎంత’ అనేది ఆఖర్న తేలే లెక్క. పన్ను దేని మీద పడుతుందో ముందు తెలుసుకో. రేట్లన్నీ కంఠతా వచ్చి, ఈ ఒక్కటి తెలియక నోటీసులు అందుకున్నవాళ్లను లెక్కల పనిలో ఉన్నన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను.

ఊహకు ఒక ఏడాది తీసుకుందాం. నీ పనికి 1,000 వసూలైంది. సాఫ్ట్‌వేర్ చందాలు, ఇంటర్నెట్ లాంటి వాటికి 200 పోయింది. 300 పెట్టి కంప్యూటర్ కొన్నావు. పని కోసం ఎప్పుడో తీసుకున్న అప్పుకి వాయిదాల కింద 150 కట్టావు, అందులో వడ్డీ 30. ఇంటి ఖర్చులకు 250 వాడుకున్నావు. చేతిలో మిగిలింది 100. ‘ఈ 100 మీదే కదా పన్ను’ అనుకుంటావు. కాదు. కంప్యూటర్ మూడేళ్లు పనిచేస్తుందని లెక్కవేస్తే ఈ ఏడాదికి తరుగుదల కింద, అంటే వాడకంలో దాని విలువ తగ్గినంత మేరకు, 100 మాత్రమే తీసేస్తారు. వాయిదాలో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు తీర్చడం ఖర్చు కాదు. ఇంటికి వాడుకున్నది అసలే కాదు. 1,000లోంచి 200, 100, 30 తీసేస్తే 670. చట్టం దృష్టిలో అదీ నీ లాభం. చేతిలో 100, లెక్కలో 670! కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు ఏడాది చివర్న టెన్షన్ పుట్టేది ఇక్కడే.

తరుగుదల ఎన్నేళ్లకు, ఎంత శాతం అనేది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. చిన్న వ్యాపారికి సామాను ఖర్చంతా మొదటి ఏడాదే తీసుకోనిచ్చే చోట్లూ ఉన్నాయి. ఖర్చుల లెక్క అడక్కుండా వసూళ్లలో ఇంత శాతం లాభమని లెక్కకట్టేసే పద్ధతి కూడా ఉంది, భారత్‌లో చిన్న వ్యాపారులు, కొన్ని వృత్తులవాళ్లు దాన్నే ఎంచుకోవచ్చు. రాత పని తగ్గుతుంది, నిజమే. కానీ నీ అసలు లాభం అంతకంటే తక్కువుంటే రాని ఆదాయానికి పన్ను కట్టినట్టవుతుంది. ఎంచుకునే ముందు రెండు రకాలుగానూ లెక్క వేసి చూడు. అలాగే, ఈ ఏడాది బిల్లు వేసి వచ్చే ఏడాది డబ్బు అందుకుంటే అది ఏ ఏడాది ఆదాయమో కూడా నువ్వు పాటించే పద్ధతిని బట్టే ఉంటుంది. అన్నట్టు ‘ఏడాది’ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. భారత్‌లో ఏప్రిల్ 1న మొదలవుతుంది, బ్రిటన్‌లో వ్యక్తులకు ఏప్రిల్ 6న, ఆస్ట్రేలియాలో జులై 1న. ఎవరైనా సలహా చెబితే అది ఏ దేశానిది, ఏ సంవత్సరానిది అని అడగడానికి మొహమాటపడకు.

నువ్వు ఒక్కదానివే చేసుకునే పని కాబట్టి ఆ లాభం సాధారణంగా నీ జీతంతో కలిసి ఒకే ఆదాయం అవుతుంది. కంపెనీ పెడితే చట్టానికి అది వేరే మనిషి. దాని రిటర్న్ (ఏడాది ఆదాయం, పన్ను లెక్క రాసి ప్రభుత్వానికి ఇచ్చే పత్రం) వేరు, దాని ఖాతాలో డబ్బు నీ పర్సులో డబ్బు కాదు.

ఇక స్లాబులు, అంటే ఒక్కో రేటు పడే ఆదాయపు ముక్కలు. ‘ఇంకో ప్రాజెక్టు తీసుకుంటే పై స్లాబులోకి పోతాను, వద్దులే’ అనేవాళ్ల మాట వినకు. మొదటి 1,000కి పన్ను లేదు, తర్వాతి 1,000కి 10 శాతం, ఆ పైన 20 శాతం అనుకో. 2,000 ఆదాయానికి పన్ను 100. 2,100 అయితే 120. పెరిగిన 100లో 20 పోయి 80 నీకే మిగులుతుంది. పై రేటు పైనున్న ముక్కకే. ఒక హద్దు దాటగానే మొత్తంగా ఊడిపోయే రాయితీలు కొన్ని ఉంటాయి, జాగ్రత్త పడాల్సింది వాటి దగ్గర.

మినహాయింపు, రిబేటు ఒకటే అనుకోకు. మొదటిది పన్ను పడే ఆదాయాన్ని తగ్గిస్తుంది, రెండోది పన్నునే తగ్గిస్తుంది. 20 శాతం స్లాబులో ఉన్నప్పుడు 100 మినహాయింపు వల్ల మిగిలేది 20. 100 రిబేటు అయితే పన్నులోంచి నేరుగా 100 తగ్గుతుంది. ‘పన్ను కలిసొస్తుంది’ అని ఏడాది చివర్లో అక్కర్లేని పాలసీలు, సామాన్లు అంటగట్టేవాళ్లు ఈ తేడా చెప్పరు.

అమ్మకం పన్ను సంగతి వేరు, అది నీ లాభం మీద కాదు, నువ్వు వేసే బిల్లు మీద పడేది. వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) 1954లో ఫ్రాన్స్‌లో మొదలైంది, జీఎస్టీ (వస్తు సేవల పన్ను) కూడా ఆ కుటుంబానిదే. నువ్వు ఈ పన్నుకు రిజిస్టర్ అయ్యాక 100 పనికి 10 పన్ను కలిపి 110 బిల్లు వేశావనుకో. ఆ 10 నీది కాదు, ప్రభుత్వం తరఫున వసూలు చేసి నీ దగ్గర ఉంచుకున్నావంతే. కొనుగోళ్ల మీద నువ్వు కట్టిన పన్ను 4 ఉంటే, సరైన బిల్లులుంటే, మిగతా 6 జమ చేస్తావు. చిన్న వ్యాపారాలు దెబ్బతినే చోటు ఇదే. చేతిలో ఉంది కదా అని ఆ డబ్బును తిప్పుతారు, గడువు నాటికి ఉండదు. ఇందులో నేను ఎవరి సాకులూ వినను. రిజిస్టర్ కాకముందైతే బిల్లులో పన్ను వసూలు చేయనే కూడదు.

నీకు ప్రత్యేకంగా ఒక మాట. ఆఫీసువాళ్లు కోసేది నీ జీతానికి సరిపడా పన్నే, నీ పక్క ఆదాయం వాళ్లకు తెలియదు. క్లయింటు కొంత కోసి ఇచ్చినా దాంతో లెక్క తీరిపోయినట్టు కాదు. అది నీ పేరున జమ అయిందో లేదో చూసుకుని, తక్కువైనది ఏడాది మధ్యలోనే అడ్వాన్సుగా కట్టాల్సి రావచ్చు. ఆలస్యమైతే వడ్డీ. అందుకే డబ్బు పడిన రోజే, నీ పై స్లాబు రేటు ప్రకారం కొంత తీసి వేరే ఖాతాలో వెయ్యి.

రిటర్న్ గడువు, పన్ను కట్టే గడువు వేర్వేరని గుర్తుంచుకో. అమెరికాలో రిటర్న్‌కి గడువు పొడిగించుకున్నా పన్ను మాత్రం పాత తేదీకే కట్టాలి. కట్టాల్సింది సున్నా అయినా రిటర్న్ వేయాల్సి రావచ్చు. నష్టం వచ్చిన ఏడాది అసలు మానొద్దు, ఆ నష్టాన్ని తర్వాతి లాభంలో సర్దుకునే హక్కు సకాలంలో వేసినవాళ్లకే ఉండే చోట్లున్నాయి.

ఆడిటర్‌ని పెట్టుకో, తప్పు లేదు. కానీ రిటర్న్ మీద సంతకం నీది, కాబట్టి ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడుగు. విసుక్కుంటే ఇంకొకర్ని చూసుకో. నోటీసు వస్తే భయపడి పక్కన పడేయకు. చాలావరకు రెండు అంకెలు ఎందుకు కలవలేదని అడిగేవే.

ఈ వారంలో పనికి విడిగా ఖాతా తెరువు. నెల తిరగ్గానే నీ పద్దు నాకు పంపు, తరుగుదల కిందికి ఏవి వస్తాయో ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ