పుస్తకం మూసెయ్యాలనిపించే పేజీ

బుజ్జీ,

నీకు అమెరికాలో, సిన్సినాటిలో ఇంగ్లీష్ ఎం.ఏ. సీటు వచ్చిందని, ఇప్పటి అమెరికన్ నవలలే చదువుతానన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూనే ఏడ్చింది. "అందరి పిల్లలూ కంప్యూటర్లు చదవడానికి పోతుంటే ఇది నవలలు చదవడానికి పోతానంటోంది అక్కా" అంది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో ఈ దారిన నడిచేది నువ్వొక్కదానివే. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది.

ముందు చిన్న విషయాలు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కాగితంలో ఫీజు ఎంత మాఫీ, నెలకు చేతికొచ్చేది ఎంత, ఇన్సూరెన్స్ ఉందా లేదా చూసుకో. వారానికో నవల చదవాల్సి రావచ్చు, వెళ్లేలోపే రెండు మూడు పూర్తి చేసి ఉంచుకో. పొద్దున ఏమీ తినకుండా క్లాసుకు పోయావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను.

1994లో నేను ఎం.ఫిల్. చేస్తున్నాను. అంతకు ముందు ఏడాదే అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్‌కు నోబెల్ వచ్చింది. ఆమె నవల 'బిలవెడ్' మీద రాస్తానని టాపిక్ ఇచ్చాను. ఉస్మానియా క్యాంపస్‌లో అప్పట్లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. అన్ని అమెరికన్ పుస్తకాలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే పోయి సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. ఆ నవల మీద దొరికిన ప్రతి వ్యాసమూ చదివి నోట్సు రాసుకున్నాను. నవల మాత్రం మొదటి అధ్యాయం దాటలేదు.

ఎందుకు దాటలేదో మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు. అప్పటికి నా కొడుక్కి, అదే మీ అన్నయ్యకు, ఆరు నెలలు. వాణ్ణి ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాను. హాస్టల్ బాత్రూమ్‌లో పాలు పిండి పారబోసుకునేదాన్ని. ఆ నవలలో సెథ అనే బానిస తల్లి పిల్లల్ని ముందే పంపించేసి, తను నిండు గర్భంతో వెనకాల పారిపోయి వస్తుంది, పాలు తాగే పిల్లకు పాలు అందించాలని. బయల్దేరే ముందు యజమాని మనుషులు ఆమెను పట్టుకొని ఆ పాలు లాక్కుంటారు. కొరడా దెబ్బల గురించి అడిగితే ఆమె పాల గురించే చెబుతుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. మళ్లీ తెరవలేదు. వ్యాసాల్లో అయితే అదంతా "గాయం", "జ్ఞాపకం", "దేహం" అనే మాటలుగా మారిపోయి ఉండేది. ఆ మాటలు నన్నేమీ చేసేవి కావు. వాటితోనే నూట యాభై పేజీల థీసిస్ రాశాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు. దారిలో సెథకు పురుడు పోసిన తెల్ల అమ్మాయి బోస్టన్‌కు ఎందుకు వెళ్తోంది? నేను వలసల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆయన ఆపి, "వెల్వెట్ కోసం వెళ్తోందమ్మా. నవల చదివి మళ్లీ రాసుకురా" అని ఫైలు మూసేశారు.

ఖమ్మం వచ్చాను. ఏడాది నిండిన నా కొడుకు నన్ను చూసి అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకున్నాడు. ఆ రాత్రి వాడు నిద్రపోయాక పక్కన కూర్చొని మొదటి పేజీ నుంచి చదివాను. ఒంటి మీద సరైన గుడ్డ లేని ఆ పిల్ల మంచి వెల్వెట్ గుడ్డ కోసం అంత దూరం నడుస్తూ, దారిలో కనిపించిన తల్లి వాచిన పాదాలు పట్టుకొని ఒత్తుతుంది. ఆ పిల్ల నా థీసిస్‌లో ఒక్క వాక్యంలో కూడా లేదు.

అందుకే చెబుతున్నాను, నీకు ఎక్కడ పుస్తకం మూసెయ్యాలనిపిస్తుందో ఆ పేజీ నంబరు రాసి పెట్టుకో. నీ పేపరు అక్కణ్ణించి మొదలుపెట్టు. విమర్శకులు ఏమన్నారో తర్వాత చూడొచ్చు.

నువ్వు పోతున్నది ఆ నవల జరిగిన ఊరికే తెలుసా? 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే తల్లి కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి పిల్లలతో సిన్సినాటికి చేరింది. సిన్సినాటి ఉన్న ఒహాయో బానిసత్వం లేని రాష్ట్రమే. అయినా 1850 చట్టం ప్రకారం పారిపోయిన వాళ్లను అక్కడ కూడా పట్టుకుపోవచ్చు. పట్టుకోవడానికి వచ్చినప్పుడు కూతుర్ని తన చేత్తోనే చంపుకుంది. ఆ పాత వార్త నుంచే నవల పుట్టింది. ఒకసారి ఆ ఒడ్డున నిలబడి అవతలి కెంటకీ గట్టు చూడు. చదవగానే మన దగ్గరి కులంతో పోల్చాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. పోల్చవచ్చు, కానీ తొందరపడకు. ముందు వాళ్ల చట్టం, వాళ్ల నది, వాళ్ల ఊరు తెలుసుకో.

పెర్సివల్ ఎవరెట్ నవల 'జేమ్స్' మాత్రం నీకు ఇట్టే పట్టుబడుతుంది. 2024లో వచ్చింది. అందులో బానిసలు తెల్లవాళ్ల ముందు ఒక యాసలో, తమలో తాము ఇంకోలా మాట్లాడతారు. హైదరాబాద్ కాలేజీలో చేరిన వారానికే మన ఊరి యాస దాచేసిన పిల్లవి, నీకు ఒకరు వివరించాలా?

ఇంకొకటి. మీ అమ్మ సిలబస్ పంపింది. అందులో మెరిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' ఉంది. డెబ్బై ఆరేళ్ల పాస్టర్, గుండె జబ్బుతో ఇక ఎక్కువ రోజులు బతకనని తెలిసి, ఇంకా ఏడేళ్లు కూడా నిండని కొడుక్కి రాసే ఉత్తరం అది. మీ నాన్న పోయిన రోజు నువ్వు ఏడవలేదు. గదిలో మూల కూర్చొని పుస్తకం పట్టుకున్నావు. మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చి చూశాను, గంటసేపు పేజీ తిప్పలేదు. నా భయమంతా ఆ నవల గురించే. దాని మీద మతం, వేదాంతం అంటూ చక్కని పేపరు రాసేసి మంచి గ్రేడు తెచ్చుకుంటావేమో, నవల మాత్రం ముట్టుకోవేమో అని.

అది మొదలుపెట్టే రోజు నాకు చెప్పు. నేనూ ఇక్కడ అదే తెరిచి కూర్చుంటాను. చలికాలంలో నీకు రాత్రి పదయితే నాకు పొద్దున ఎనిమిదిన్నర, వంట అయిపోయి ఖాళీగానే ఉంటాను. ఆ పేజీ రాగానే ఫోన్ చెయ్యి. మాట్లాడకపోయినా పర్వాలేదు, లైన్‌లో ఉంటాను.

మీ పెద్దమ్మ