డీమార్టా, వీధి చివర కొట్టా? మీ బిల్లులు చెప్పే జవాబు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఉంటాం. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు 78,000 చేతికొస్తాయి. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. బియ్యం ఊరి నుంచి వస్తాయి, పాల ఖర్చు వేరు. అయినా సరుకులకూ కూరగాయలకూ నెలకు 19,000 అవుతోంది. అన్నీ డీమార్ట్‌లోనే కొనాలని మావారంటారు. వీధి చివర కొట్టు చాలదా అని అత్తయ్యగారు. ఇంటి పక్కనే ఒక సూపర్ మార్కెట్ ఉంది. టైం లేనప్పుడు నేను పది నిమిషాల యాప్‌లో తెప్పించేస్తాను. ఎక్కడ కొంటే మాకు కలిసొస్తుంది? కిందటి నెల బిల్లులు, కార్డు స్టేట్‌మెంట్ పంపుతున్నాను.

జవాబు: ఒక్క బిల్లు కూడా పారేయకుండా పంపారమ్మా. అందుకే ఊహ మీద కాకుండా లెక్క మీద చెప్పగలుగుతున్నాను. మీ 19,000 ఇలా వెళ్లాయి. డీమార్ట్‌లో మూడుసార్లకు కలిపి 9,200. యాప్‌లో 14 ఆర్డర్లకు 5,600. పక్క సూపర్ మార్కెట్‌లో కూరలు, పళ్లు 2,400. వీధి చివర కొట్టు ఖాతాలో 1,800.

డీమార్ట్ బిల్లుల్లో పప్పులు, నూనె, పిండి, సబ్బుల్లాంటి అసలు పచారీ సరుకులు 6,700 రూపాయలవి. వాటి పక్కనే మీ పక్క సూపర్ మార్కెట్ ధరలు కూడా పెన్నుతో రాసి పంపారు, అది చాలా పనికొచ్చింది. కూడి చూస్తే అక్కడ 7,150 అయ్యేది. తేడా 450. కాబట్టి డీమార్ట్ చౌక అన్న మీవారి మాట నిజమే. కానీ ఆటోకు రానూపోనూ 240 అవుతోందని మీరే రాశారు. మూడుసార్లకు 720. సరుకుల మీద 450 మిగిల్చి, ఆటోకు 720 ఇచ్చారు. నెలకు ఒక్కసారే వెళ్తే 210 మిగిలేది. మూడుసార్లు వెళ్లినందుకు 270 చేతినుంచి పడింది. పైగా ఈ 720 మీరు చెప్పిన 19,000లో లేదు, అది వేరే ఖర్చు.

బిల్లులో మిగిలిన 2,500 చూడండి. స్టీలు డబ్బాలు, పిల్లలకు రెండు టీషర్టులు, ఒక దుప్పటి, బాత్రూం మగ్గులు. ఇవి వృథా అని నేననను, ఇంట్లో వాడుకునేవే. కానీ ఇంటి నుంచి బయల్దేరినప్పుడు వీటిలో ఏ ఒక్కటీ మీ చీటీలో లేదు. ఆ కొట్టు నడిచే పద్ధతి తెలిస్తే ఇవి ట్రాలీలోకి ఎలా వచ్చాయో అర్థమవుతుంది. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదలైన డీమార్ట్ చాలామటుకు సొంత భవనాల్లోనే నడుస్తుంది కాబట్టి అద్దె భారం తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బు త్వరగా కట్టేస్తుంది కాబట్టి వాళ్లూ ధర తగ్గించి ఇస్తారు. ఒక్కో వస్తువులో యాభై రకాలు పెట్టకుండా బాగా అమ్ముడుపోయే కొన్నే పెడుతుంది. పప్పు, నూనె నిజంగా తక్కువకు వచ్చేది అందుకే. అయితే అమ్మకాల్లో ఐదో వంతుకు పైగా బట్టలు, గిన్నెలు, ఇంటి సామాన్లది. లాభం శాతం ఎక్కువుండేది కూడా వాటిలోనే. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అంటే అదే. కొనేవాళ్లం మనం తెలుసుకుని వెళ్లాలి.

ఈ సంగతి నాకు చదువు నేర్పలేదు, మా నాన్నగారి పచారీ కొట్టు నేర్పింది. తెనాలిలో ఉండేది. కందిపప్పు, పంచదార ఆయన పైసా పైసా చూసుకుని అమ్మేవారు. ఎందుకంటే ఆ రెండింటి ధర ప్రతి ఇల్లాలికీ నోటికొచ్చు. అర్ధరూపాయి పెంచినా మర్నాడు పక్క కొట్టుకు వెళ్లిపోతారు. జీలకర్ర, యాలకులు, మిరియాలు, గసగసాల ధర మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. కొట్టు అద్దె అక్కడే వచ్చేదని ఆయన చెప్పేవారు. ఇవాళ పెద్ద పెద్ద స్టోర్లు చేసేదీ ఇదే. గుమ్మంలోనే నూనె ప్యాకెట్ల ధర పెద్ద బోర్డు మీద రాస్తారు, ఇంగువ డబ్బాకు బోర్డుండదు. అందుకే మీరు ధరలు పోల్చే చీటీలో బోర్డు మీద కనిపించేవే కాకుండా పోపుల పెట్టెలోవీ చేర్చండి. నెలకు ఎంత అవసరమో అంతే రాసుకోండి. యాలకులు 50 గ్రాములు వాడే ఇంటికి 100 గ్రాముల ధరతో పనిలేదు.

పోల్చేటప్పుడు ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించారన్నది చూడకండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు, అంతే. ఆ హద్దునే పైకి వేసి దాని మీద 40 శాతం తగ్గింపు ఇచ్చే ప్యాకెట్లు చాలానే ఉన్నాయి. కిలోకు ఎంత పడుతోంది, లీటరుకు ఎంత పడుతోంది, అదొక్కటే చూడండి. ఇప్పుడు ప్యాకెట్ మీద యూనిట్ ధర రాయడం తప్పనిసరి. కిలోలోపు ప్యాకెట్లకు గ్రాముకు ఇంత అని, కిలో దాటితే కిలోకు ఇంత అని ఉంటుంది. గ్రాముకు 0.17 అని ఉంటే వెయ్యితో గుణించండి, కిలో 170. కాకపోతే ఆ అంకె ఎమ్మార్పీని బట్టి వేసింది. తగ్గింపు పోగా మీరు కట్టే ధరకు ఫోన్ కాలిక్యులేటర్‌లో మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే.

నూనె దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అలాగే ఉండే 850, 870 గ్రాముల ప్యాకెట్లూ అమ్ముతున్నారు. మీ బిల్లుల్లో డీమార్ట్ నూనె, పక్క సూపర్ మార్కెట్ నూనె ఒకే బ్రాండు, కానీ ఒకే పరిమాణమో కాదో మీ చీటీలో లేదు. ఈసారి అది సరిచూడండి.

సబ్బులు, పేస్టుల విషయంలో కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 100 రూపాయలున్న సబ్బు 89 దగ్గరకు రావాలి. నెయ్యి మీద 12 నుంచి 5కు తగ్గింది, అంటే 100కి ఆరు రూపాయల చిల్లర తగ్గాలి. బట్టల పౌడరు మీద మాత్రం 18 శాతమే ఉంది, అది తగ్గలేదని కొట్టువాళ్లతో గొడవపడొద్దు. తగ్గాల్సినదాన్ని పాత ధరకే అమ్ముతున్నారని మీకు రూఢి అయితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మీకు బియ్యం ఊరి నుంచి వస్తాయి కాబట్టి ఇది బియ్యం కొనుక్కునే మిగతా పాఠకుల కోసం. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ ఉంది, కానీ 25 కిలోల దాకానే. అందుకే మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి. పాత 25 కిలోల బస్తా ధరతో దాన్ని పోల్చి ఖరీదు అనుకోకండి, కిలోకు ఎంతో చూడండి. కొట్టులో విడిగా తూచి ఇచ్చే పప్పు మీద కూడా ఈ పన్ను లేదు.

ఇక యాప్. నన్నడిగితే మీ బిల్లులన్నిట్లో అసలు చూడాల్సింది ఇదే. 5,600లో పెరుగు, కొత్తిమీర, బ్రెడ్డు, గుడ్లు లాంటి అప్పటికప్పుడు కావలసినవి 1,900. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డర్ ఛార్జీలు కలిపి 400. మిగిలిన 3,300 చిప్స్, ఐస్‌క్రీములు, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు. పెరుగు ప్యాకెట్ కోసం యాప్ తెరిస్తే ఛార్జీ పడకుండా ఉండాలంటే ఇంకో 120 రూపాయల సరుకు వేయమంటుంది, పక్కనున్న పిల్లాడు ఐస్‌క్రీం చూపిస్తాడు. 14లో 9 ఆర్డర్లు రాత్రి ఎనిమిది తర్వాతవే. ఇద్దరూ ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే వేళ అది, మిమ్మల్ని తప్పుపట్టాలని నాకు లేదు. మీ ఒక్క ఇంటి సంగతీ కాదు ఇది. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ సర్వే చూస్తే, పట్టణాల్లో తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా పానీయాలు, చిరుతిళ్లు, వండి అమ్మే పదార్థాలదే. బియ్యం, పప్పులది కాదు.

యాప్ పూర్తిగా తీసేయమని చెప్పను. పిల్లలకు జ్వరం వచ్చిన రాత్రి అది ఎంత అక్కరకొస్తుందో నాకూ తెలుసు. పెరుగు, కొత్తిమీర, గుడ్లకు మాత్రం వీధి చివర కొట్టు ఉంది. అక్కడ ఛార్జీ లేదు, అరకట్ట కొత్తిమీర అడిగినా ఇస్తారు, ఇంట్లోంచి ఫోన్ చేస్తే కుర్రాడు తెచ్చిపెడతాడని మీరే రాశారు. ఈ విషయంలో అత్తయ్యగారి మాటే సరైనది. నెలంతటి సరుకులు అక్కడే కొంటే ఖర్చు పెరుగుతుంది, మధ్యలో వచ్చే చిన్న చిన్న అవసరాలకు మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. ఖాతా మాత్రం ప్రతి నెలా జీతం పడిన రెండు మూడు రోజుల్లో తీర్చేయండి. చిరుతిళ్లకు నెల మొదట్లో స్వగృహ ఫుడ్స్ కొట్టులో జంతికలు, చెక్కలు, పల్లీ చిక్కీ కిలోల లెక్కన తెచ్చి డబ్బాలో పోయండి. అత్తయ్యగారి చేత వండించమని మాత్రం సలహా ఇవ్వను. ఆవిడ ఓపిక మీ బడ్జెట్‌లో పెట్టకూడని లెక్క. చిరుతిళ్లన్నిటికీ 1,500 పెట్టుకోండి. పిల్లలకు ఐస్‌క్రీం కూడా అందులోనే వస్తుంది.

కూరగాయలకు కూకట్‌పల్లి రైతుబజారు మీకు దగ్గరలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన రైతుబజార్లలో ఇప్పటికీ రోజూ ధరల బోర్డు పెడతారు. ఆదివారం పొద్దున్నే మీవారిని సంచీలతో పంపండి. టమాటా, ఉల్లి, బంగాళాదుంప, బెండ, దొండ వారానికి సరిపడా తెచ్చుకోవచ్చు, ఆకుకూరలు మాత్రం రెండు రోజులకు మించి వద్దు. కుళ్లి పారేసిన కూర ఎంత చౌకగా కొన్నా నష్టమే. అందుకే ఇక్కడ ఎంత మిగులుతుందో నేను లెక్కలో వేయలేదు, మిగిలితే మీ అదృష్టం.

ఇప్పుడు కార్డు సంగతి. ఇది మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. క్యాష్‌బ్యాక్ వస్తుందని మీవారు డీమార్ట్ బిల్లులు క్రెడిట్ కార్డుతో కడుతున్నారు. కిందటి నెల 92 రూపాయలు వచ్చింది. అదే కార్డు మీద 18,000 బాకీ నిలిచి ఉంది, మినిమం మాత్రమే కడుతూ వస్తున్నారు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. అంటే నెలకు 630, దాని మీద జీఎస్టీ అదనం. డీమార్ట్‌లో మిగిలిన 450, క్యాష్‌బ్యాక్ 92 కలిపినా 542 దాటలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. బాకీ మొత్తం తీర్చనంత కాలం కొత్తగా కొన్న సరుకులకు ఆ నలభై, యాభై రోజుల గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీరు ఈ నెల తెచ్చిన కందిపప్పుకూ వడ్డీ కడుతున్నారమ్మా. ఆ బాకీ తీరేదాకా కార్డు బీరువాలో పెట్టండి. సరుకులకు డెబిట్ కార్డో, యూపీఐనో వాడండి.

ఇలా మార్చుకుంటే ఎంత మిగులుతుందో చూద్దాం. డీమార్ట్‌కు నెలకు ఒక్కసారే, జీతం వచ్చిన మొదటి వారంలో, చీటీ రాసుకుని వెళ్తే ఆటోలో 480. డబ్బాలు, బట్టలకు 2,500 బదులు వేరుగా 1,000 పెట్టుకుంటే 1,500. యాప్ ఛార్జీలు 400. చిరుతిళ్లు 3,300 నుంచి 1,500కు దిగితే 1,800. అన్నీ కలిపి 4,180. పిల్లలతో ఇల్లన్నాక అంతా అనుకున్నట్టు జరగదు, కాబట్టి 4,000 అనుకుందాం. ఇప్పుడు కడుతున్న మినిమంకు తోడు ఈ 4,000 కూడా కార్డుకే కట్టండి, ఐదు నెలల్లోపే బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత అదే 4,000తో పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, తెరవండి. 6.7 శాతం వడ్డీ లెక్కన మీరు కట్టే 2,40,000కి దాదాపు 2,85,000 చేతికొస్తాయి. మీ పెద్దమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి అన్నారు, ఇంటర్ ముగించే వేళకు అది అందుతుంది.

డీమార్ట్‌కు ఒక్కసారే వెళ్లడం కుదరని నెల ఉంటే పక్క సూపర్ మార్కెట్‌లోనే కొనేయండి. ఆటో కలిపి చూస్తే తేడా 210 రూపాయలే. ఆదివారం మూడు గంటలు ట్రాఫిక్‌లోనూ బిల్లింగ్ క్యూలోనూ నిలబడటం కంటే పిల్లలతో ఇంట్లో ఉండటం మీకు ముఖ్యం అనిపిస్తే నేను కాదనను. మీవారికి ఈ బిల్లులన్నీ చూపించండి, వాదన కోసం కాదు, ఇద్దరూ కూర్చుని చీటీ రాయడం కోసం.

సంక్రాంతి నెలలో బెల్లం, నువ్వులు, నెయ్యి, నూనె ఖర్చు ఎలాగూ పెరుగుతుంది. ఆ నెల లెక్క చూసి ప్లాన్ పనిచేయలేదని వదిలేయకండి. పండగ అయ్యాక ఫిబ్రవరి బిల్లులు పంపండి, ఈసారి యాలకులు, జీలకర్ర ధరలు కూడా రాసి. కార్డు స్టేట్‌మెంట్ మర్చిపోకండి.